పెరుగన్నం

"అయితే తోడు పెట్టడమే మానెయ్యమంటావా? వచ్చిన పాలన్నీ కాఫీలే తాగుదామా?"

"మానెయ్యమన్నానా అమ్మా? దాని కంటికి కనపడకుండా పెట్టమన్నాను. అంతే."

"కనపడకుండా పెట్టడానికి అదేమన్నా దొంగసొత్తా? రోహిణి కార్తెలో పెరుగు లేకుండా ముద్ద దిగుతుందా? నిన్న మజ్జిగ గ్లాసు పట్టుకుని పెరట్లోకెళ్ళి తాగొచ్చాను. పక్కింటి సుబ్బాయమ్మ గోడ మీంచి చూసి, ఏంటండి చిన్నమ్మాయిగారూ, ఈ వయసులో చాటుగా ఏం తాగుతున్నారండి, అంది."

"ఆదివారం దాకా ఓర్చుకో. ఆ తర్వాత కుండెడు తోడు పెట్టుకో."

"ఏ ఆదివారం? నీ పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను ఈ ఆదివారం మాట."

వంటింట్లో చిన్నమ్మాయి, ఆవిడ కొడుకు సత్యప్రసాద్ చాలాసేపటి నుంచి వాదించుకుంటున్నారు. హాల్లో తంబూరా తుడుస్తున్న కోడలు సూర్యకళకి ప్రతి మాటా వినపడుతోంది. పాడేవాళ్ళు పెరుగు తినకూడదని ఆమె తండ్రి చిన్నప్పుడే పెట్టిన నియమం. కచేరీ ఉన్న వారమంతా ఆమె చారన్నంతో చెయ్యి కడుక్కుంటుంది. ఆమె లేచి వెళ్ళాక మిగతావాళ్ళు పెరుగు వేసుకుంటారు. తణుకులో ఆ ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. అత్తగారు ఇన్నేళ్ళూ సణుగుతూనే ఉంది, ఇన్నేళ్ళూ గిన్నె దాస్తూనే ఉంది. తంబూరాకి గలీబు కుట్టింది కూడా ఆవిడే, తన పెళ్ళి పట్టుచీర చింపి.

పోయిన నెలలో రాజమండ్రి డాక్టరు సన్నటి గొట్టం ముక్కులోంచి గొంతులోకి దింపి, టీవీలో చూపించాడు. "మాట్లాడుకోవడానికి ఏం ఇబ్బంది లేదమ్మా" అని సూర్యకళతో చెప్పి, పాట సంగతి వచ్చేసరికి సత్యప్రసాద్ వైపు తిరిగాడు. పైస్థాయి ఇక రాదన్నది ఆ తిరగడంలోనే ఆమెకి అర్థమైంది. అయినా ఇంటికొచ్చి అందర్నీ ఒకటే అడిగింది. ఈ ఆదివారం కూతురు దుర్గాశ్రీ ఆడే దమయంతి నృత్యనాటకానికి వరసలు కట్టింది తను. మొదటిసారి పాడింది తను. ఈ ఒక్కసారి పాడి ఆపేస్తాను అంది. "అలాగేనమ్మా, శ్రుతి తగ్గించుకుందాం. ఐదు నుంచి నాలుగుకి దింపితే అంత పైకి వెళ్ళే పని ఉండదు" అని దుర్గాశ్రీ తల్లిని గట్టిగా పట్టుకుంది. ఆ మాట ఆసరాతోనే సూర్యకళ ఇన్నాళ్ళూ నిలబడింది.

సత్యప్రసాద్ మిరియాల పాలు తెచ్చి పక్కన పెట్టాడు.

"అమ్మ మాటలు పట్టించుకోకు."

"పాపం ఆవిణ్ణి తిననివ్వండి. నేను చూసినంత మాత్రాన నా గొంతులోకి వస్తుందా పెరుగు?"

"ఇంత జాగ్రత్త పడి చివర్లో ఎందుకు? తాగు. ఇవాళ రిహార్సల్‌కి వెంకటరాజు మైకుసెట్టు తెస్తున్నాడు. మైకుండగా నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు. మెల్లిగా అను, చాలు."

మెల్లిగా అను. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు. మృదంగం మీద చెయ్యి వేస్తూ, "పాడు, పాడు, దాచుకుంటావేంటి" అనే మనిషి. తన మీద జాలిపడుతున్నాడనుకుంది. పాలు తాగేసింది.

దుర్గాశ్రీ డాన్సు స్కూలు, ఆమె భర్త గణేష్‌బాబు మోటార్ల షాపు పైన, డాబా మీద వేసిన రేకుల షెడ్డు. పొద్దున్నే వెళ్ళినా అప్పటికే రేకులు వేడెక్కి ఉన్నాయి. పిల్లలెవరినీ రానివ్వలేదు ఇవాళ. ఫ్లూటు, వయొలిన్, తాళం వాళ్ళు ఆదివారం నేరుగా రాజమండ్రి హాలుకే వస్తారు. షెడ్డులో దుర్గాశ్రీ, పెట్టెల దగ్గర వెంకటరాజు, గోడకి ఆనుకుని గణేష్‌బాబు ఉన్నారు. పక్కగా పరిచిన చాప మీద సూర్యకళ, సత్యప్రసాద్ ఎప్పటిలాగే కూర్చున్నారు.

ఆ చాప నుంచి చూస్తే ఆడే మనిషి ముఖం కనపడదు. పక్క నుంచి భుజం, మెడ వంపు, ముఖ్యంగా కాళ్ళు కనపడతాయి. దుర్గాశ్రీ పాదాలు చూసి సూర్యకళ చెప్పగలదు, పిల్ల నిన్న సరిగ్గా నిద్రపోయిందో లేదో.

"శ్రుతి ఐదులో ఉందేంటండీ?" అంది శ్రుతిపెట్టె విని.

సత్యప్రసాద్ మృదంగం తోలువార్లు బిగిస్తూ తల ఎత్తలేదు. "ఒకసారి చూద్దాం సూర్యా. మైకు ఉంది కదా. కష్టమైతే దింపేద్దాం."

"మీ చెవిలో అదేంటి?"

"వెంకటరాజు పెట్టుకోమన్నాడు. శబ్దం స్పష్టంగా వస్తుందట."

"ఆయ్, కొత్త రకమండి అది. నొప్పి పెడుతుందాండి?" అన్నాడు వెంకటరాజు అక్కణ్ణుంచి. ఆయన ప్రశ్న సత్యప్రసాద్‌ని, చూపు దుర్గాశ్రీ మీద.

అడవి ఘట్టం దగ్గర మొదలుపెట్టారు. నిద్రపోతున్న దమయంతి కట్టుకున్న చీరలో సగం కోసుకుని నలుడు వెళ్ళిపోతాడు. ఆమె లేచి చూసుకుంటుంది. మనిషి లేడు, చీర సగమే ఉంది. కనపడిన చెట్టునల్లా అడుగుతుంది. ముఖారి రాగంలో కట్టిన వరస. సూర్యకళ కళ్ళు మూసుకోకుండా, కూతురి కాళ్ళనే చూస్తూ అందుకుంది.

*ఏ చెట్టు నడిగేది, నా రాజు ఎటు పోయె...*

కింద స్థాయిలో గొంతు బాగానే ఉంది. మైకులోంచి వచ్చిన శబ్దం రేకుల కింద నిండుగా తిరిగింది. ఇంట్లో పాడుకున్నప్పటి బొంగురు ఇక్కడ అంతగా వినపడలేదు. సూర్యకళకి కొంచెం ధైర్యం వచ్చింది. పల్లవి రెండుసార్లు అయ్యి చరణంలోకి వచ్చింది. 'సగము ప్రాణమె' అన్న చోట పైకి వెళ్ళాలి. తనే కట్టుకున్న మెట్టు అది. ఇప్పుడు కడితే అంత ఎత్తున కట్టదు.

*సగము చీరయె మిగిలె...*

ఊపిరి పట్టుకుని, మెల్లిగా, దాదాపు గాలిలాగే అంది. *సగము ప్రాణమె మిగిలె.*

పలికింది.

పై షడ్జం, దాని పైన రిషభం, ముఖారికి ఉండే ఆ ఏడుపు గమకంతో సహా, నూనె రాసినట్టు జారి వచ్చింది. సూర్యకళ ఒళ్ళు జలదరించింది. మళ్ళీ అంది. మళ్ళీ పలికింది, ఇంకా బాగా. డాక్టరుకి ఏం తెలుసు అనుకుంది. మిరియాల పాలనుకుంది, అత్తగారు దాచిన పెరుగనుకుంది, అన్నవరంలో మొక్కిన మొక్కు అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి కూతురి కాళ్ళు అలికినట్టయ్యాయి. తుడుచుకుని చూసింది.

దుర్గాశ్రీ మోకాళ్ళ మీద నుంచి లేస్తోంది. లేచి గిర్రున తిరిగి రెండో చెట్టు దగ్గరికి వెళ్ళాలి. ఆ సగం చీర చెంగు గజ్జెల కొక్కేనికి తగులుకుంది. తిరగబోయిన పిల్ల ఆగి వంగింది.

ఇలాంటివి ఎన్నో జరుగుతాయి. జనానికి తెలియదు. చాప మీద కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. సూర్యకళ ఆలోచించలేదు. ముందుకు వెళ్ళాల్సిన పాటని పట్టి, 'సగము చీరయె' దగ్గరికే వెనక్కి తెచ్చి, చెంగు ఊడేదాకా అదే పాదం మీద ఇంకో సంగతి వేద్దామని నోరు తెరిచింది.

పాట ముందుకు వెళ్ళిపోయింది.

తను 'సగము చీర' అంటోంది. స్పీకర్లలోంచి తన గొంతే తర్వాతి పాదం పాడుతోంది. సూర్యకళ నోరు మూసింది. పాట ఆగలేదు. నిండుగా, యవ్వనంగా, ఎక్కడా తడబడకుండా తన గొంతు తను లేకుండా పాడుకుంటూ పోతోంది.

పక్కకి చూసింది. సత్యప్రసాద్ చెయ్యి కూడా ఆగలేదు. తను ఎక్కడ ఊపిరి తీస్తుందో తనకంటే ముందు తెలిసిన చెయ్యి అది. తను ఆగితే ఆగేది, తను సాగదీస్తే సాగేది. చెవిలో తీగ పెట్టుకుని, తల వంచుకుని, ఆ చెయ్యి ఇప్పుడు ఆ రెండో గొంతుతో వెళ్ళిపోతోంది.

దుర్గాశ్రీ చెంగు విడిపించుకుని లేచేసరికి పాట మూడో చెట్టు దగ్గర ఉంది. ఆ పిల్ల మధ్యలో నిలబడిపోయింది.

"ఆపమంటారాండి?" అన్నాడు వెంకటరాజు.

ఎవరూ చెప్పకుండానే ఆపేశాడు. శ్రుతిపెట్టె ఒక్కటే మోగుతోంది.

"రాజుగారూ, నా మైకు పనిచేస్తోందా?" అంది సూర్యకళ.

ఆయన దుర్గాశ్రీ వైపు చూశాడు. "కింద స్థాయిలో ఉంచానండి. పైకెళ్ళినప్పుడు తగ్గించెయ్యమన్నారండి."

"అది కొంచెం పెంచండి. ఇంకేమీ వెయ్యొద్దు."

"అమ్మా, వద్దు" అంది దుర్గాశ్రీ.

"పెంచండి రాజుగారూ."

వెంకటరాజు పెంచాడు. సూర్యకళ వెన్ను నిటారుగా పెట్టుకుని, దాచుకోకుండా, తన తండ్రి నేర్పినట్టు నాభి దగ్గర నుంచి అందుకుంది. సగము చీర బాగానే ఉంది. సగము ప్రాణమె దగ్గర స్వరం లేదు. గాలి వచ్చింది. మళ్ళీ అంది. ఈసారి గాలితో పాటు బొంగురుగా ఒక అరుపులాంటిది వచ్చి తెగిపోయింది. మైకు దాన్ని ఉన్నదున్నట్టు పెద్దది చేసి రేకుల కింద తిప్పింది.

గణేష్‌బాబు కిందకి చూస్తూ నిలబడ్డాడు. వెంకటరాజు లేచి, "టీ చెప్పొస్తానండి" అని మెట్లు దిగిపోయాడు.

"ఏ రికార్డింగు?" అంది సూర్యకళ.

"నేను ఇంటర్‌లో ఉండగా విజయవాడ స్టూడియోలో ఐదు శ్రుతిలో చేశాం కదా అమ్మా. అది." దుర్గాశ్రీ వచ్చి ముందు కూర్చుంది. గజ్జెలు గల్లుమన్నాయి. "నీ గొంతే కదమ్మా. వేరేవాళ్ళది కాదు కదా."

"నాదే. బాగుంది. ఇందాక పిచ్చిదాన్నై పోయాను, నాకు తిరిగొచ్చేసిందని."

"అలా అనకు."

"ఆదివారం ఇలాగే కూర్చోబెడదామనుకున్నారా? నేను నోరు కదుపుతూ ఉంటే, లోపల్నించి అది పాడుతుందా?"

"మీకు తెలియకూడదనే అనుకున్నాం అత్తయ్యగారూ. మీకు సంతోషంగా ఉంటుందని..." అన్నాడు గణేష్‌బాబు.

"సంతోషంగానే ఉంది బాబూ. ఒక నిమిషం ఉంది."

దుర్గాశ్రీ ఏడవడం మొదలుపెట్టింది. "ఇందాక వచ్చింది చూశావు కదమ్మా. అది రాజమండ్రి హాల్లో, అంతమంది ముందు వస్తే? వాళ్ళు నవ్వినా నేను చూడలేను, జాలిపడినా చూడలేను. నువ్వు పక్కన లేకుండా ఆడలేను. ఏం చెయ్యమంటావు నన్ను?"

"చెప్పాల్సింది."

"చెప్తే నువ్వు కూర్చుంటావా?"

"కూర్చోను."

"మరందుకే."

సూర్యకళ కూతురి పాదం దగ్గరికి తీసుకుని గజ్జె కొక్కెం చూసింది. సన్నటి జరీపోగు ఇంకా దానికే చుట్టుకుని ఉంది. గోటితో తీసింది.

"ఇందాక చెంగు తగులుకుంటే ఆ గొంతు ఆగిందా నీ కోసం?"

దుర్గాశ్రీ కాలు వెనక్కి తీసుకుంది.

"పాడటానికి ఎవరైనా పాడతారు దుర్గా. పక్కన కూర్చునేది ఆగడానికి. నువ్వు తడబడితే వెనక్కి వచ్చి నిన్ను తీసుకెళ్ళడానికి. దానికి నీ కాళ్ళు కనపడవు. అది పాడి వెళ్ళిపోతుంది. అలా వేసుకునేది పోయినవాళ్ళ పాట."

"అమ్మా..."

"పోయినవాళ్ళకి పక్కన చాప వెయ్యరు."

అప్పుడు సత్యప్రసాద్ చెవిలోంచి తీగ తీసేశాడు. "సూర్యా, మొదట నేనూ వద్దనే అన్నాను."

"మొదట" అంది సూర్యకళ.

ఆయన మృదంగం గలీబులో దూర్చబోయాడు. ఒక్కడి వల్ల సరిగ్గా పోలేదు. ఎప్పుడూ ఆ రెండో కొస పట్టుకునేది ఆమె. ఇవాళ పట్టుకోలేదు.

"పొద్దున పెరుగు కోసం అత్తయ్యగారితో అంతసేపు పోట్లాడారు కదా. ఎందుకండీ?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. లేచి, చాప చుట్టి, గోడ వారగా నిలబెట్టింది.

గణేష్‌బాబు కారులో అందరూ ఇంటికొచ్చారు. మధ్యాహ్నం అందరికీ అక్కడే భోజనమని చిన్నమ్మాయి పొద్దున్నే చెప్పి ఉంచింది. మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు, అప్పడాలు చేసింది. షెడ్డులో జరిగింది ఆవిడకి తెలియదు. విస్తళ్ళు వేస్తూనే మనవరాలి ముఖం చూసింది.

"ఏంటే, కళ్ళు అలా ఉన్నాయి? మళ్ళీ మీ ఆయన సినిమాకి తీసుకెళ్తానని ఎగ్గొట్టాడా?"

"ఎండ మామ్మా" అంది దుర్గాశ్రీ.

"ఎండలో గంతులెయ్యమని ఎవరన్నారు? కూర్చోండి. అమ్మాయ్, నువ్వూ కూర్చో సూర్యకళా, నేను వడ్డిస్తాను. గొంతుకి వేడిగా తినాలి నువ్వు."

అందరూ కూర్చున్నారు. పప్పు అయింది. వేపుడు అయింది. గణేష్‌బాబు బావున్నాయండి మామ్మగారూ అని రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ అప్పడం గురించే. సత్యప్రసాద్ అన్నం కలిపినచోటే కలుపుతున్నాడు. సూర్యకళ మాత్రం ఎప్పటిలాగే తింది. చారన్నం అయ్యాక ఆమె లేచి వెళ్ళాలి. చిన్నమ్మాయి అన్నం గిన్నె వెనక, పళ్ళెం బోర్లించి పెట్టిన పెరుగు వైపు ఓరగా చూస్తూ కోడలు లేవడం కోసం ఎదురుచూసింది.

సూర్యకళ లేవలేదు.

"అత్తయ్యగారూ, కొంచెం అన్నం పెట్టండి."

"చారు ఇంకాస్త పొయ్యనా?"

"వద్దండి. పెరుగు వెయ్యండి."

చిన్నమ్మాయికి అర్థం కాలేదు. కొడుకు వైపు చూసింది. పొద్దున అంత యాగీ చేసినవాడు ఇప్పుడు విస్తరిలోంచి తల ఎత్తడం లేదు.

"ఎవరికే?"

"నాకేనండి."

"ఆదివారం పెట్టుకుని నీకు పెరుగేంటి? వీడు నన్ను చంపుతాడు."

"ఏమీ అనరు. అడగండి."

సత్యప్రసాద్ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. దుర్గాశ్రీ ఎడమచేత్తో నోరు మూసుకుంది. చిన్నమ్మాయి వాళ్ళ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. పెరుగు గిన్నె పైకి తీసింది కానీ గరిట ముంచలేదు. అది పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్నేళ్ళూ దాచడానికి విసుక్కున్న మనిషికి, ఇప్పుడు వెయ్యమంటే చెయ్యి ఆడలేదు.

"వద్దమ్మా" అంది మెల్లిగా. "ఇన్నాళ్ళూ ఉన్నావు కదా. నా మాట విని ఇవాళ్టికి లే."

సూర్యకళ చెయ్యి చాపి ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకుంది. తనే వేసుకుంది. గడ్డపెరుగు, అంచున మీగడ. దాని వాసన దగ్గరగా తగిలేసరికి, తంబూరా పట్టని చిన్నతనంలో తల్లి కలిపి పెట్టిన ముద్ద గుర్తొచ్చింది. కలుపుకుంది.

"ఆదివారం నేను ఆ చాప మీద కూర్చోను దుర్గా. ట్రాకు మీద ఆడుకో. నేను వద్దనను. పాట ఎవరు పాడుతున్నారని మాత్రం మైకులో చెప్పించకు. అక్కడ పాడే మనిషి ఎవరూ లేరు కాబట్టి."

"నువ్వు రాకపోతే నేను ఆడనమ్మా."

"అది నీ ఇష్టం."

"అయితే నేనూ వాయించను" అన్నాడు సత్యప్రసాద్.

"మీరు వాయించండి. మీ చెయ్యి దాంతో బాగానే వెళ్ళింది" అంది సూర్యకళ. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

"ఎవరైనా నాకు చెప్తారా, ఏం జరిగిందో?" అంది చిన్నమ్మాయి.

సూర్యకళ మొదటి ముద్ద తింది. చల్లగా గొంతు దిగింది. దిగుతున్నంతసేపూ దాన్ని గమనించింది, ఏమైనా అవుతుందేమోనన్నట్టు. ఏమీ కాలేదు.

"శనివారం పొద్దున బండికి తుని వెళ్తున్నాను, మా చెల్లి ఇంటికి" అంది రెండో ముద్ద కలుపుకుంటూ. రేపటి కూర సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఎన్నాళ్ళుంటానో తెలియదు. అత్తయ్యగారూ, మీరింక పెరట్లోకి వెళ్ళక్కర్లేదు, ఇక్కడే తాగండి మజ్జిగ. తంబూరా నేను తీసుకెళ్ళడం లేదు."